మొద్దును ఎత్తొద్దు, నడిపించండి

పడిపోయిన చెట్టును కోయించాక, ఆ మొద్దుల్ని షెడ్డు దాకా చేర్చడం ఒక పూట పని అనుకున్నాను. నాలుగో మొద్దు దగ్గర నడుం పట్టేసింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. చూడటానికి వచ్చిన మా బావమరిది నన్ను పలకరించే ముందు మొద్దుల్ని చూసి వచ్చాడు. "బావా, వీటిని ఎత్తమని మీకెవరు చెప్పారు?" అన్నాడు. కలప పనిలో పెరిగినవాడు. కింద రాసినదాంట్లో సగం అతను చూపించింది, మిగతా సగం నేను తప్పులు చేసి నేర్చుకున్నది.

ముందు బరువు లెక్క చూడండి. అడ్డంగా 60 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న మొద్దు ఘనపరిమాణం సుమారు 113 లీటర్లు. పచ్చిగా ఉన్న గట్టి కలప చాలావరకు నీటికి దగ్గరగా తూగుతుంది. అంటే ఆ ఒక్క మొద్దే 100 కిలోల పైమాట. చూస్తే పీట ఎత్తు కూడా ఉండదు, అందుకే మోసపోతాం. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నయాష్ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తే బరువుకు హద్దు 23 కిలోలు. నేను ఎత్తబోయింది దానికి నాలుగు రెట్లకు పైనే.

కాబట్టి మొదటి ఉపాయం కోతలోనే ఉంది. 40 సెంటీమీటర్లకు బదులు 30కి కోయిస్తే ప్రతి మొద్దులో పావు వంతు బరువు తగ్గుతుంది. పొయ్యిలోకి ఎలాగూ చిన్న ముక్కలే వెళ్తాయి. కొమ్మలు తెగిన చోట మిగిలే బుడిపెల్ని కూడా అప్పుడే సాపుగా చెక్కించేయండి. ఒక్క బుడిపె ఉన్నా మొద్దు తిన్నగా దొర్లదు, ప్రతి చుట్టుకీ పక్కకు లాగుతుంది.

రెండోది, పెద్ద మొద్దుల్ని పడిన చోటే చీల్చేయడం. చీల్చడానికి షెడ్డు దాకా మోసుకెళ్లడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ నేనూ అదే చేశాను. మొద్దును నిలబెట్టి నడి మధ్యలో గొడ్డలి వేస్తే అది దిగబడి కూర్చుంటుంది. అంచు నుంచి ఒక్కో చెక్క ఊడగొడుతూ చుట్టూ తిరగండి. మొద్దు ముఖం మీద నడుమ నుంచి అంచుకు పాకిన పగుళ్లు కనిపిస్తే దెబ్బ ఆ గీత మీదే పడాలి. మెలి తిరిగిన కలప గొడ్డలికి లొంగదు. దానికి చైన్‌సా, అంటే పళ్ల గొలుసు తిరిగే ఇంజను రంపం, వాడాలి: మొద్దును బెరడు నేలకు ఆనేలా పడుకోబెట్టి, బ్లేడును మొద్దు పొడవునా ఉంచి కోయండి. పొట్టు రాలదు, పొడవాటి పీచు వస్తుంది. గొలుసు మూత దగ్గర అది చిక్కుకుంటుంటుంది. ఇంజను ఆపి, ఆ పీచు తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. అడుగున నాలుగైదు సెంటీమీటర్లు వదిలేస్తే గొలుసు మట్టికి తగలదు. ఆ మిగిలిన పట్టును సమ్మెటతో ఇనుప వెడ్జ్ కొట్టి విడదీయొచ్చు. 110 కిలోల మొద్దు ఆరు ముక్కలైతే ఒక్కోటి 20 కిలోల లోపే.

చీల్చకుండానే కదపాల్సి వస్తే, గ్యాస్ సిలిండర్ గుర్తు తెచ్చుకోండి. ఎవరూ దాన్ని ఎత్తి తీసుకెళ్లరు కదా, అంచు మీద వాల్చి తిప్పుకుంటూ పోతారు. చదునైన నేల మీద మొద్దు కూడా అలాగే నడుస్తుంది. పక్కకు వాల్చడానికి గునపం చాలు. 150 సెంటీమీటర్ల గునపానికి మొన నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఒక రాయి ఆనిస్తే, చేత్తో 10 కిలోల బరువుతో నొక్కినా మొన దగ్గర 90 కిలోల బలం వస్తుంది. వేళ్లు మాత్రం మొద్దు కిందికి పోనివ్వకండి. వాలు నేలలో దొర్లించేటప్పుడు పై వైపున లేదా పక్కన ఉండండి, కింది వైపుకు ఎవరూ రాకూడదు. దొర్లడం మొదలయ్యాక దాన్ని కాలితో ఆపుదామనే ఆలోచనే వద్దు.

ఒంటి చక్రం తోపుడు బండిలోకి ఎత్తి వేయబోతే బండి ఒరిగిపోతుంది. నాకు రెండుసార్లు అలాగే అయింది. బండినే పక్కకు పడుకోబెట్టండి. తొట్టి అంచు నేలకు ఆనుతుంది. మొద్దును లోపలికి దొర్లించి, పై హ్యాండిల్ పట్టుకుని బండినీ మొద్దునీ కలిపి నిలబెట్టాలి. మొద్దు చక్రం వైపు ఉంటే బరువు చక్రం మీద పడుతుంది, హ్యాండిళ్ల వైపు ఉంటే మీ చేతుల మీద పడుతుంది. ఇది 40, 50 కిలోల దాకా పనికొస్తుంది. అంతకు మించితే ఫ్రిజ్‌లు మోసే రెండు చక్రాల నిలువు ట్రాలీ మేలు. నేల మెత్తగా ఉంటే గాలి టైర్లున్నది తీసుకోండి, సన్న చక్రాలు దిగబడిపోతాయి.

ఇక వాహనంలోకి ఎక్కించడం. మా బావమరిది చేసి చూపించినప్పుడు నేను నమ్మలేదు. వాహనం అడుగు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 240 సెంటీమీటర్ల పలకలు రెండు వాలుగా ఆనించాడు. ఆ వాలు మీద 110 కిలోల మొద్దును తోయడానికి పావు వంతు, అంటే 28 కిలోల బలం చాలు. తర్వాత రెండు తాళ్ల కొసల్ని వాహనంలోనే గట్టిగా కట్టి, తాళ్లను పలకల మీదుగా కిందికి వదిలాడు. వాటి మీదికి మొద్దును అడ్డంగా దొర్లించి, తాళ్లను మొద్దు పైనుంచి తిప్పి తెచ్చి, ఇద్దరం పైన నిలబడి లాగాం. మొద్దు మనవైపు దొర్లుకుంటూ వచ్చేస్తుంది. తాడు చుట్టి రావడం వల్ల బలం మళ్లీ సగమై, రాపిడి కలుపుకున్నా 14 కిలోలకు కాస్త ఎక్కువ. బదులుగా తాడు రెట్టింపు లాగాలి: 240 సెంటీమీటర్ల పలకకు 480. ఇద్దరూ ఒకే వేగంతో లాగాలి, లేదంటే మొద్దు వంకరపోతుంది. కింద ఎవరూ నిలబడకూడదు, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి.

పలకల పై కొసను మాత్రం తప్పకుండా కట్టండి. ఒకసారి నేను కట్టకుండా ఊరుకున్నాను. మొద్దు సగం ఎక్కాక పలక జారింది, మొద్దు నా చెప్పుకు జానెడు దూరంలో పడింది. తడిసిన పలకైతే మరీ ప్రమాదం. ఒంటరిగా ఉంటే ఈ పద్ధతి జోలికి పోకండి, చీల్చి ముక్కలుగా వేసుకోండి.

లోపల మొద్దుల్ని కోసిన ముఖం కిందికి వచ్చేలా నిలబెడితే దొర్లవు. పెద్దవి ముందువైపు, అడుగున. ట్రైలర్ అయితే ఇరుసుకు ముందు భాగంలో 60 శాతం దాకా బరువు ఉండాలి. వెనక బరువెక్కితే రోడ్డు మీద తోకలా ఊగుతుంది. వాహనం ఎంత మోయగలదో పుస్తకంలో ఉంటుంది, అందులో ఎక్కే మనుషుల బరువు కూడా కలిపి చూసుకోండి.

దించేటప్పుడు కూడా అవే పలకలు, అవే తాళ్లు, మెల్లగా వదులుతూ. నేను ఒకసారి పలకల్ని చెట్టు దగ్గరే మర్చిపోయి వచ్చి, ఏమవుతుందిలే అని మొద్దుల్ని కిందికి తోసేశాను. మూడోది నేరుగా దొర్లుకుంటూ వెళ్లి కుళాయి గొట్టానికి తగిలింది. ఆ సాయంత్రం కట్టెల పని ఆపి ప్లంబర్ కోసం తిరిగాను.