మేడ మీద రేకుల షెడ్డు వేయిస్తున్నారా? అడుగు రేటు చూసి మోసపోకండి

2024 మే 26 సాయంత్రం వచ్చిన గాలిదుమారానికి నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలంలో కడుతున్న కోళ్లఫారం షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. రోహిణి కార్తె వచ్చిందంటే ఇలాంటి వార్తలు ఏటా ఉండేవే. రేకులు లేచి కరెంటు తీగల మీద పడ్డాయనో, పక్కింటి మీద పడ్డాయనో ఏదో ఒక ఊరి నుంచి వింటూనే ఉంటాం. మేడ మీద ఎండ తగలకుండా షెడ్డు వేయించేది కూడా సరిగ్గా దానికి ముందు నెలల్లోనే.

మూడు చోట్ల కొటేషన్ తీసుకోమని, పాత పనులు చూసి రమ్మని మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే. "అడుగుకి ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో బేరం ముగించకండి. నేను చూసినంతలో పాడైన షెడ్లలో చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే పాడయ్యాయి. ఒకాయన 210 అన్నాడు, ఇంకొకాయన 180 అన్నాడు అనుకోండి. 180 వైపే మొగ్గుతాం. ఆ 30 రూపాయలు ఎక్కడ తగ్గాయో మాత్రం అడగం. ఆయన తన లాభం తగ్గించుకుని మనకు ఇవ్వడు. ఇనుము తగ్గిస్తాడు, లేదా కొలతలో రాబట్టుకుంటాడు.

ముందు కొలత సంగతి. 20 అడుగులు, 30 అడుగుల జాగా అంటే 600 చదరపు అడుగులు. చూరు నాలుగు వైపులా అడుగు చొప్పున బయటికి వస్తే రేకు పరిచేది 704. వాలు కలిపితే ఇంకా ఎక్కువ. 180 చొప్పున 704కి బిల్లు 1,26,720. 210 చొప్పున 600కి 1,26,000. తక్కువ చెప్పినాయనకే మనం 720 ఎక్కువ కట్టాం! బిల్లు నేల కొలతకా, రేకు కొలతకా అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఇక ఇనుము. 50×50 ఎం.ఎం. చదరం పైపు 2 ఎం.ఎం. మందంది 20 అడుగుల పొడవుకు 18 కిలోల పైచిలుకు తూగుతుంది. 1.2 ఎం.ఎం.ది 11 కిలోలే. రెండింటికీ రెడ్ ఆక్సైడ్ పూసి నిలబెడితే ఏది ఏదో మేస్త్రీ కూడా చూసి చెప్పలేడు. అందుకే పైపులు దిగిన రోజే, రంగు వేయకముందే, కోసిన అంచు దగ్గర మందం కొలిపించండి. కాటా చీటీ అడిగి తీసుకోండి. రేకులోనూ ఇదే కథ. 0.5 అంటే పూత, రంగు కలిపి 0.5 అవుతుందా, లోపలి ఇనుమే 0.5 ఉంటుందా? ఇద్దరూ "పాయింట్ ఫైవ్" అనే అంటారు, ఇద్దరి లెక్కా ఒకటి కాదు. ఈ వివరాలు లేని కాగితాన్ని కొటేషన్ అనుకోవద్దు. అది అడుగు రేటు రాసిన చీటీ.

అసలు ప్రమాదం బిగింపులో ఉంది. గాలి లెక్కలకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50 మీటర్ల వేగం ఇచ్చారు. 44 మీటర్ల గాలి అంటే చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల ఒత్తిడి. ఆ చదరపు మీటరు రేకు బరువు నాలుగు కిలోలు! పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో గాలి కిందికి దూరి పైకి ఎత్తుతుంది. పైన రెండు రాళ్లో ఇసుక బస్తానో పెడితే అవి కూడా ఎగిరి ఎవరి నెత్తి మీదో పడతాయి. చాలామంది స్తంభాలను పిట్టగోడకు ఆనించి బిగిస్తారు. పిట్టగోడ ఉత్త ఇటుక గోడ. షెడ్డు లేస్తే అదీ ఊడి వీధిలో పడుతుంది. స్తంభం కింద బేస్ ప్లేటు, అంటే ఇనుప పలక, ఉండాలి. దాన్ని బీము మీద నాలుగు యాంకర్ బోల్టులతో, అంటే కాంక్రీటులోకి దిగి పట్టుకునే బోల్టులతో, బిగించాలి. బోల్టు కన్నాల్లోంచి శ్లాబులోకి నీరు దిగకుండా గ్రౌటింగ్ చేయాలి, అంటే సందులు మసాలాతో నింపాలి. తక్కువ అడుగు రేటులో మొదట ఎగిరిపోయేవి ఈ బోల్టులే.

ఇంకా విను, రాసుకో. మెటీరియల్ కంపెనీ పేరు, మందం, బోల్టుల లెక్క లేని కాగితం మీద సంతకం పెట్టకు. జీఎస్టీ కలిపా, కలపకుండానా అడుగు. రబ్బరు వాషర్ లేని స్క్రూ ఒక్కటి కూడా వేయనివ్వకు. మున్సిపాలిటీ అనుమతి సంగతి పని మొదలుకాకముందే తేల్చుకో. పక్కనే కరెంటు తీగలుంటే లైన్‌మన్‌కు చెప్పకుండా పైపు పైకి ఎత్తించకు. పాత సిమెంటు రేకుల మీద ఎవరినీ నడవనివ్వకు, అవి ఉన్నట్టుండి విరుగుతాయి. వాటిని పగలగొట్టనివ్వకు, ఆ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది. పాత ఇనుము ఎవరిదో ముందే మాట్లాడుకో. మబ్బు పట్టి గాలి మొదలైతే సగం బిగించిన రేకులు దింపించు, "రేపు బిగిద్దాం" అంటే ఒప్పుకోకు. అడుగు రేటు తగ్గిస్తానంటే ఏం తగ్గిస్తున్నాడో అడుగు, మళ్లీ అడుగు. బిల్లులో పదో వంతు మొదటి పెద్ద వాన పడేదాకా ఆపు. మేస్త్రీ గొణుగుతాడు. గొణగనీ.