చిన్న కథ రాయడం – 7వ పాఠం: అవమానం తిరిగొచ్చే దారి

ఇంట్లో పెద్దవాళ్లను లెక్కచేయని కుటుంబాన్ని గత పాఠంలో నిలబెట్టాం. ఇప్పుడు వాళ్లు చేసింది వాళ్లకే తగలాలి. చాలా కథలు పాడయ్యేది ఇక్కడే. కొడుకు లారీ కింద పడతాడు, కోడలికి జబ్బు చేస్తుంది. అమ్మను కసిరిన మాటకూ ఆ లారీకీ సంబంధమేంటి? అది కర్మఫలం కాదు, రచయిత వేసిన శిక్ష.

జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేయించిన జానపద కథల్లో ఒకటి చూడండి. తాత చేతులు వణికి మట్టిగిన్నె పగిలితే, కొడుకూ కోడలూ ఆయనకు చెక్కగిన్నె ఇస్తారు. నాలుగేళ్ల మనవడు చెక్కముక్కలు ఏరుతుంటాడు. ఏం చేస్తున్నావంటే, పెద్దయ్యాక అమ్మానాన్నలకు అన్నం పెట్టడానికి తొట్టి చేస్తున్నానంటాడు. వాడికి పగ లేదు, ఎత్తిపొడుపూ లేదు. చూసింది నేర్చుకున్నాడంతే. వాడికి తెలియనిది మనకు తెలుస్తోంది కాబట్టే ఆ మాట అంతలా గుచ్చుకుంటుంది.

మీ కథకూ అలాంటి చేష్ట ఒక్కటే ఎంచుకోండి, చేత్తో చేసేదైతే మేలు. అమ్మ మాట మొదలుపెట్టగానే కొడుకు టీవీ సౌండు పెంచుతాడనుకుందాం. కథ 1,200 మాటలైతే, ఇది మొదటి 150 మాటల్లోపే ఒక్క వాక్యంలో వచ్చిపోవాలి. 'ఎంత కఠినుడో!' అని వ్యాఖ్య చేర్చారో, పాఠకుడు ముగింపును అప్పుడే పసిగట్టేస్తాడు. నడిమధ్యలో రెండోసారి, ఇంకో పని చాటున, అలవాటులా రావాలి. అప్పుడు ఆ కొడుకు కూతురు, చిన్న పాప, పక్కనే ఉండాలి. ఈ రెండోసారిని ఎగ్గొట్టకండి. అది లేకపోతే చివరిది కాకతాళీయంగా తోస్తుంది.

మూడోది చివరి 100 మాటల్లో. ఏళ్లు గడిచాయి, ఆ కొడుక్కి ఒంట్లో బాగాలేదు.

'అమ్మా, రాత్రంతా నిద్ర…' అన్నాడాయన.
పాప టీవీ మీంచి చూపు తిప్పకుండా రిమోట్ నొక్కింది.

ఇక్కడే ఆపేయండి. ఆయనకు తల్లి గుర్తొచ్చిందని రాయొద్దు, ఆ గుర్తు రావాల్సింది పాఠకుడికి. 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అని ఇంకెవరిచేతా అనిపించొద్దు.

ఇంకో జాగ్రత్త: కొడుకును రాక్షసుణ్ని చేయకండి. పాపను మురిపెంగా చూసుకునే తండ్రి అయితేనే ఆ రిమోట్ నొక్కు అతనికి నొప్పి.

అభ్యాసం: మీ కుటుంబానికి ఒక చేష్ట ఎంచి, ఆ మూడు సందర్భాలను మాత్రమే మూడేసి వాక్యాల్లో రాయండి. మూడోదాంట్లో విశేషణాలన్నీ కొట్టేయండి. వచ్చే పాఠంలో వీటి మధ్య ఖాళీని సంభాషణతో నింపుదాం.