హైదరాబాద్ నుంచి వెళ్ళి నీలగిరి పొగబండిని కళ్ళారా చూడటం ఎలా?

ఊటీ వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామంది "బొమ్మరైలు ఎక్కాం" అంటారు. ఎక్కడ ఎక్కారని అడిగితే కూనూరులో అంటారు. కూనూరు నుంచి ఊటీకి నడిపేది డీజిల్ ఇంజిన్. ఆవిరి ఇంజిన్ చూడాలంటే కొండ కింద మెట్టుపాళయంలోనే ఎక్కాలి. ఆ ఘాట్ మీద మామూలుగా రోజుకి పైకి ఒక్క బండి, కిందికి ఒక్క బండి.

అందుకే ముందు కొండ బండి టికెట్టు సంపాదించండి, సీట్లు చాలా తక్కువ. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. అది దొరికాకే శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరుకి రిజర్వేషన్ చేయించుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కొండచరియలు పడి బండి రద్దవుతుంటుంది. జనవరి తర్వాత నయం.

కోయంబత్తూరులో దిగిన రోజు మెట్టుపాళయం చేరి అక్కడే పడుకోండి. బండి పొద్దున్నే ఏడు దాటగానే కదులుతుంది కాబట్టి ఆరున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. ఇంజిన్ కోసం ముందుకి పరిగెత్తకండి, అది వెనక ఉండి పెట్టెల్ని నెడుతుంది. స్విట్జర్లాండ్ రూపకల్పన అయిన ఈ ఎక్స్ క్లాస్ ఇంజిన్లకి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలకి, రెండు పళ్ళ చక్రాలకి.

ఆ పళ్ళ పని కల్లార్ దాటాక మొదలవుతుంది. పట్టాల మధ్య రంపంలాంటి పళ్ళ కడ్డీ కనిపిస్తుంది. సుమారు 12 అడుగులకు 1 అడుగు చొప్పున ఎక్కుడు. అక్కడ మాటలు ఆపి చెవి ఒగ్గండి. ఇంజిన్ ఊపిరి బరువెక్కుతుంది, నడక మనిషి పరుగంత అవుతుంది. ముందు పెట్టెల్లో కూర్చున్నవాళ్ళు మలుపుల్లో వెనక్కి చూస్తే, అడవిలోంచి తెల్లటి ఆవిరి, దాని కింద మనల్ని నెట్టుకొస్తున్న ఇంజిన్ కనిపిస్తాయి. కిటికీలోంచి తల మాత్రం బయట పెట్టొద్దు, సొరంగాలున్నాయి.

హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టడానికి ఆగుతుంది. టీ తర్వాత తాగొచ్చు, ముందు ఇంజిన్ దగ్గరికి నడవండి. వేడి నూనె వాసన, ముఖానికి తగిలే సెగ, చక్రాల సందుల్లోంచి బుసకొట్టే ఆవిరి. పిల్లల్ని భుజానికెత్తుకుని కొంచెం ఎడంగా నిలబడండి, కూత చాలా గట్టిగా ఉంటుంది.

కూనూరులో ఇంజిన్‌ని విప్పేస్తారు. అది వెనక్కి తప్పుకునేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉండండి.