పక్కగాలిలో ల్యాండింగ్: చక్రాలు తాకాక పాదాలు సడలించకండి

శిక్షణ విమానమొకటి దిగిన తర్వాత అదుపు తప్పి రన్‌వే పక్కనున్న గడ్డిలోకి దూసుకుపోయిందన్న వార్త వచ్చినప్పటి నుంచి, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి పిల్లలను ఫ్లయింగ్ స్కూళ్లకు పంపిన తల్లిదండ్రులు ఇంజిన్ గురించే అడుగుతున్నారు. ఇలాంటి ప్రమాదాల్లో చాలావాటికి ఇంజిన్‌తో సంబంధమే ఉండదు. ఇంధనం, చెక్‌లిస్టు, వాతావరణ నివేదిక సంగతులు ఇన్‌స్ట్రక్టర్లు రోజూ చెప్పేవే కనుక, నేను నేరుగా విద్యార్థులకే మరో విషయం చెబుతాను.

నేను చూసినంతలో పిల్లలను దెబ్బతీసే పొరపాటు ఒక్కటే: చక్రాలు నేలను తాకగానే ల్యాండింగ్ అయిపోయిందనుకోవడం. ఆ క్షణంలో హమ్మయ్య అనుకుని, గాలి వైపు తిప్పి పట్టిన యోక్‌ను (పైలట్ చేతిలోని స్టీరింగ్ లాంటిది) మధ్యకు తెచ్చేసి, పెడళ్ల మీది పాదాలు సడలిస్తారు. అప్పటికింకా విమానం బరువులో చాలా భాగాన్ని రెక్కలే మోస్తుంటాయి, టైర్లకు పట్టు చిక్కి ఉండదు, వేగం తగ్గేకొద్దీ, ఆ పెడళ్లతో కదిలే తోక పలక, అంటే రడ్డర్ బలమూ తగ్గిపోతుంది. నిలువు తోకను తోసే పక్కగాలి, ముక్కును తాను వచ్చే దిక్కుకు తిప్పుతుంది. ఆ వైపు రెక్క పైకి లేస్తుంది. పెన్నా వంతెన మీద బైకు నడిపినవారికి ఈ తోపు కొంత తెలుసు.

తోకచక్రం ఉన్న విమానాల్లో గురుత్వ కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది కనుక, మొదలైన వంకర తనంతట తానే పెరిగి విమానం గిరుక్కున తిరుగుతుంది. ముక్కుచక్రం ఉన్నవి కొంత నయమే గాని, వేగం ఎక్కువగా ఉండగా యోక్‌ను ముందుకు తోస్తే బరువంతా ఆ చక్రం మీద పడి అవీ అలాగే తిరుగుతాయి.

శిక్షణకు వాడే సెస్నా 172ఎస్ విమానం హ్యాండ్‌బుక్‌లో పరీక్షించి చూపిన పక్కగాలి 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు. అది కొత్త విద్యార్థికి ఇచ్చిన అనుమతి కాదు. 20 నాట్ల గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వస్తే పక్కగాలి 10 నాట్లే. 60 డిగ్రీలైతే 17 దాటుతుంది. లెక్క సగటు గాలితో కాదు, విసురుతో, అంటే ఉండుండి ఒక్కసారిగా పెరిగే గాలి వేగంతో వేయండి. మన తీరంలో ఎండాకాలం పొద్దున పడమటి గాలి వీచి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరగడం మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. తీరానికి దగ్గరి రన్‌వే మీద పొద్దుటి లెక్కతో సాయంత్రం దిగవద్దు.

బయలుదేరే ముందు రెండు వైపుల టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూడండి. ముక్కు మధ్యగీతకు సూటిగా లేకపోతే చక్రాలను తాకనివ్వవద్దు. ఇంజిన్ శక్తిని పెంచే థ్రాటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ పైకి వెళ్లండి. ఇన్‌స్ట్రక్టర్ ఏమనుకుంటారోనని ఆగవద్దు. చూపు రన్‌వే చివరన ఉంచండి. మడమలు నేల మీదే ఉండాలి; బ్రేకులు పెడల్ పైభాగంలో ఉంటాయి కనుక, పాదం పైకి జరిగితే రడ్డర్ అనుకుని బ్రేకే తొక్కుతారు. తాకాక యోక్‌ను గాలి వైపు ఇంకా తిప్పుతూ పోండి, వేగం పడిపోయేసరికి పూర్తిగా తిరిగి ఉండాలి. పాదాలు సడలించకండి. ట్యాక్సీవే మీద కూడా సడలించకండి. రన్‌వే అంచు దాటిపోతుంటే అప్పుడు థ్రాటిల్ తెరవవద్దు, సాధారణ శిక్షణ విమానాల్లో ఆ శక్తి ముక్కును ఎడమకు లాగి పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. థ్రాటిల్ మూసి, యోక్ వెనక్కి పట్టి, సూటిగా ఆగనివ్వండి. ఆగగానే ఇంజిన్‌కు ఇంధనం ఆపేలా మిక్స్చర్ నాబ్ లాగి, ఇగ్నిషన్, మాస్టర్ స్విచ్ ఆపి, దిగి దూరంగా వెళ్లండి. ఫోన్లు ఆ తర్వాత.