చపాతీ రోల్ చిరగకుండా, కారకుండా, కడుపు నిండేలా

మొన్నామధ్య వైజాగ్‌లో పెళ్లికని పొద్దున్నే ఆమదాలవలసలో పాసింజర్ ఎక్కాం. దారిలో టిఫిన్ కొనడం ఎందుకులే అని తెల్లవారుజామున లేచి ఎనిమిది రోల్స్ చుట్టి డబ్బాలో సర్దాను. కీరదోస చక్రాలు, టమాటా, పచ్చి ఉల్లిపాయ, పైన ఎర్ర సాస్, చూడ్డానికి ఎంత ముద్దొచ్చాయో. రైలు కదిలిన కాసేపటికి మావయ్యగారు ఒకటి తీసి కొరికారు. అంతే, అడుగు ఊడిపోయి లోపలున్నదంతా రసంతో సహా ఆయన తెల్లటి పొందూరు ఖద్దరు చొక్కా మీదకి జారింది. రైలు ఇంకా పొందూరు స్టేషన్ కూడా దాటలేదు. ఆయన ఒక్క మాట అనలేదు, తువ్వాలు తడిపి తుడుచుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అత్తగారే, "ఏటమ్మా, చపాతీ వేరే, కూర వేరే పెట్టీసుంటే సరిపోయీది కదా" అన్నారు.

ఆ పంతం మీద తరవాత ఒక యాభై అరవై రోల్స్ అయినా చుట్టి ఉంటాను. తేలిందేంటంటే రోల్ పాడయ్యేది మసాలా వల్ల కాదు, నీళ్ల వల్ల. చపాతీలో తడి తక్కువైతే మడత దగ్గర పగులుతుంది, కూరలో తడి ఎక్కువైతే అడుగు నాని ఊడిపోతుంది. ఈ రెండూ చూసుకుంటే లోపల ఏం పెట్టుకుంటారన్నది మీ ఇష్టం.

చుట్టుకుని తినడం మనకేం కొత్త కాదు, పెసరట్టులో ఉప్మా పెట్టి మడవడం కూడా ఇదే కదా. ఎగ్ రోల్ మాత్రం కలకత్తా సరుకు. అక్కడ 1932 నాటి నిజామ్స్ అనే హోటల్లోనే కాఠీ రోల్ పుట్టిందని చెబుతారు. కాఠీ అంటే కబాబ్ గుచ్చే పుల్ల. ఆ హౌరా లైనే మన ఆమదాలవలస, విజయనగరం మీదుగా పోతోంది కాబట్టి మనకీ అందులో కాస్త వాటా ఉందనుకుంటాను.

ముందు పిండి సంగతి. పావుకిలో గోధుమపిండికి పెద్దవి ఆరు చపాతీలు వస్తాయి. కాస్త సాగాలనుకుంటే అందులో నాలుగోవంతు మైదా కలపండి, వద్దనుకుంటే పూర్తిగా గోధుమపిండితోనే చేయొచ్చు, నేను చేసేది అలాగే. ఉప్పు, ఒక స్పూన్ నూనె వేసి గోరువెచ్చని నీళ్లతో కలపాలి. గ్లాసు పిండికి అర గ్లాసు కన్నా తక్కువే పడతాయి కానీ పిండిని బట్టి మారుతుంది, అందుకే కొద్దికొద్దిగా పోసుకోండి. మామూలు చపాతీ పిండి కన్నా ఒక పిసరు మెత్తగా, వేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా పైకి లేచేలా ఉండాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. ఈ అరగంట ఎగ్గొట్టినప్పుడల్లా పిండి కర్ర కింద వెనక్కి లాగేస్తుంది, చపాతీ చిన్నదై అంచులు మందంగా ఉండిపోతాయి.

కాల్చేటప్పుడు అందరం చేసే తప్పు సన్న సెగ. సన్న సెగ మీద చపాతీ కాలదు, ఎండుతుంది. పెనం బాగా వేడెక్కాక పెద్ద మంట మీదే వేసి, పైన చిన్న చిన్న బుడగలు రాగానే తిప్పి, రెండో వైపు అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడగానే తీసేయాలి. అంతా కలిపి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. తీసిన వెంటనే ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత కాటన్ గుడ్డలో చుట్టి హాట్‌బాక్స్‌లో పెట్టి మూత వేయండి. పది నిమిషాలు అలా ఉంటే వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. గుడ్డ లేకుండా మూత పెడితే మూతకి పట్టిన నీళ్లు మళ్లీ చపాతీల మీదే కారతాయి, జాగ్రత్త. మెత్తబడిందో లేదో చూడాలంటే ఒకటి తీసి నాలుగు మడతలు పెట్టి విప్పండి, గీత పడాలి కానీ పగులు రాకూడదు.

ఇక లోపలి కూర. ఉత్త బంగాళాదుంప కూర పెట్టి చుడితే అప్పటికి బాగానే ఉంటుంది కానీ పదకొండయ్యేసరికి మళ్లీ ఆకలేస్తుంది, పిండిలో పిండి పెట్టుకుని తిన్నట్టే కదా. శనగలో, బొబ్బర్లో, గుడ్డో, పనీరో, మీల్ మేకరో ఏదో ఒకటి ఉండాలి. గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, ఎండు మీల్ మేకర్‌లో అయితే బరువులో సగం ప్రోటీనే. మధ్యాహ్నం దాకా నిలబెట్టేది ఇదే, చపాతీలు పెంచడం కాదు.

మా ఇంట్లో ఎక్కువగా అయ్యేది పెద్ద శనగల రోల్. ఒక గ్లాసు కాబూలీ శనగలు రాత్రే నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్లో నాలుగైదు కూతలు రానిచ్చి, నీళ్లు పూర్తిగా వంచేయండి. ఆ నీళ్లు చారులోకి వాడుకోవచ్చు. సగం శనగలు పప్పుగుత్తితో మెదిపి, సగం అలాగే ఉంచాలి. అన్నీ మెదిపితే ముద్దయిపోతుంది, అస్సలు మెదపకపోతే కొరికినప్పుడల్లా శనగలు ఒళ్లో రాలుతాయి. బాణలిలో రెండు స్పూన్ల నూనె వేసి జీలకర్ర, రెండు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, కారం, ధనియాలపొడి, ఉడికిన బంగాళాదుంప ఒకటి చిదిపి, శనగలు వేసి పెద్ద మంట మీద కలుపుతూ ఉండండి. అట్లకాడతో బాణలి అడుగున ఒక గీత గీయండి. ఆ గీతలోకి నూనె గానీ నీరు గానీ ఊరకుండా, అటూ ఇటూ కూర గోడలా నిలబడితే అయినట్టు. దింపాక నిమ్మరసం, కొత్తిమీర. పూర్తిగా చల్లారేదాకా చుట్టకండి. వేడి కూర చపాతీలో పెడితే లోపల ఆవిరి పట్టి ఆ ఆవిరే నీరవుతుంది, ఆ రోజు రైల్లో నేను చేసిన తప్పుల్లో ఇదొకటి.

మీల్ మేకర్ అయితే ఐదు నిమిషాలు ఉడికించి, చల్లనీళ్లలో వేసి, గట్టిగా పిండి, నీళ్లు మార్చి మళ్లీ పిండండి. లేకపోతే ఆ వాసన పోదు. తరవాత చిన్న ముక్కలుగా తరిగి మిరియాలపొడితో వేయించడమే. ఆదివారం మిగిలిన చికెన్ కూరలో ఎముకలు తీసేసి, ముక్కల్ని వేళ్లతో పీచులుగా విడదీసి, పులుసు లేకుండా పెనం మీద మాడీ మాడనట్టు వేయించి చూడండి, దానికోసమే ఆదివారం రెండు ముక్కలు దాచాలనిపిస్తుంది.

ఇంకొకటి చెబితే మా చెల్లి నవ్వింది, తిన్నాక నవ్వలేదు. ఆవ పెట్టిన అరటికాయ కూర. కాయలు తొక్కతోనే ఉడికించి, తొక్క తీసి, చేత్తో పొడిపొడిగా చిదిపి, పోపులో ఎండుమిరపకాయలు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేసి కలపాలి. ఆవాలు, చిటికెడు ఉప్పు నీళ్లతో మెత్తగా నూరి, పొయ్యి కట్టేసి కూర గోరువెచ్చగా అయ్యాక మాత్రమే కలపండి. మంట మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. పైన వేయించిన వేరుశనగగుళ్లు ఒక గుప్పెడు వేస్తే నిండుగా ఉంటుంది. తడి లేని కూర కాబట్టి ప్రయాణానికి దీన్ని మించింది లేదు.

పచ్చి కూరగాయలు ఉండాల్సిందే, కరకర లేకపోతే రోల్ తిన్నట్టుండదు. కీరదోసని నిలువుగా చీల్చి స్పూన్‌తో గింజలు గీకేసి, అగ్గిపుల్లల్లా తరగండి. క్యాబేజీ, ఉల్లిపాయ సన్నగా తరిగి చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి పిడికిట్లో పట్టి పిండండి, ఎంత నీరు వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది, అదంతా చపాతీలోకి వెళ్లేదే. క్యారెట్‌తో ఏ బాధా లేదు. టమాటా మాత్రం గింజలూ రసం తీసేసి పై కండ ఒక్కటే వేసుకోండి, అంత ఓపిక లేకపోతే మానేయండి.

సాస్ విషయానికొస్తే మయోనైజ్ నేను కొనను. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని 2024 చివర్లో తెలంగాణలో ఏడాది పాటు నిషేధించారు కూడా, మన ఎండలకి అది బయట ఎంతసేపుంటే అంత భయం. దాని బదులు జీడిపప్పు సాస్ చేస్తాను, జీడిపప్పుకి పేరున్న పలాస మనకి పక్కనే ఉంది. గుండ్లు అక్కర్లేదు, చవగ్గా వచ్చే ముక్క జీడిపప్పు చాలు. ఒక గుప్పెడు ముక్క అరగంట వేడినీళ్లలో నానబెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిర్చి, ఉప్పు, అర చెక్క నిమ్మరసం, రెండు మూడు స్పూన్ల నీళ్లతో వెన్నలా రుబ్బండి. స్పూన్ బోర్లిస్తే జారకూడదు. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది కానీ మా పిల్లలు ఉండనివ్వరు. పెరుగు వాడాలనుకుంటే గుడ్డలో కట్టి గంట వేలాడదీశాకే.

ఇప్పుడు చుట్టడం. చపాతీ మీద మచ్చలు ఎక్కువున్న వైపు కిందకి పెట్టి, మెత్తటి వైపు ఒక స్పూన్ సాస్ పల్చగా రాయండి, అంచుల దాకా వద్దు. దాని మీద ఒక స్పూన్ నువ్వులపొడి గానీ కందిపొడి గానీ చల్లండి. నాకు ఈ చిట్కా తట్టడానికి చాలా రోజులు పట్టింది. ఏదైనా తడి వచ్చినా ఆ పొడి పీల్చుకుంటుంది, రుచికి రుచీ వస్తుంది. కూర చపాతీకి నట్టనడుమ కాదు, మీ వైపున్న మూడోవంతులో అడ్డంగా బొటనవేలి లావున పరచండి, ఎనిమిది అంగుళాల చపాతీకి నాలుగు స్పూన్లు చాలు. ఆశపడి ఆరు వేశారో, చిరిగిందే. పైన పచ్చి ముక్కలు. కుడి, ఎడమ అంచులు రెండేసి అంగుళాలు లోపలికి మడిచి, వాటిని వేళ్లతో పట్టుకునే మీ వైపు అంచుని బొటనవేళ్లతో లేపి కూర మీదుగా వేసి, ఒకసారి వెనక్కి మీ వైపు బిగించి లాగండి, చాప చుట్టేటప్పుడు బిగిస్తామే, అలా. తరవాత దొర్లించుకుంటూ పోవడమే. చివరి అంచు కిందకి వచ్చేలా వేడి పెనం మీద పెట్టి అట్లకాడతో అర నిమిషం నొక్కితే అతుక్కుపోతుంది, ఇక విప్పమన్నా విప్పుకోదు. సాయంత్రం ఇంట్లో తినేదైతే అన్ని వైపులా కాస్త నూనె వేసి కాల్చండి, పైన కరకరలాడుతుంది.

గుడ్డు తినేవాళ్లకి ఇంకా తేలిక. గుడ్డులో ఉప్పు, కారం వేసి గిలకొట్టి పెనం మీద చపాతీ అంత వెడల్పున పోసి, పచ్చిగా ఉండగానే చపాతీ దాని మీద బోర్లించి నొక్కండి. గుడ్డు ఉడికేసరికి రెండూ ఒకటైపోతాయి. తిప్పి, గుడ్డు వైపు లోపలికి వచ్చేలా చుట్టుకుంటే చపాతీ కాస్త ఎండినదైనా చిరగదు. నిన్నటి చపాతీలు మిగిలినప్పుడు నేను చేసేది ఇదే.

డబ్బాలో పెట్టేముందు పూర్తిగా చల్లారనిచ్చి బటర్ పేపర్లో చుట్టండి. న్యూస్ పేపర్ వద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది. మాకు పెరట్లో అరటి చెట్టుంది, ఆకు ముక్కని మంట మీద ఒక్కసారి చూపిస్తే వాడి మెత్తబడుతుంది, దాంట్లో చుట్టి దారం కడతాను. పిల్లల బాక్సులోకి శనగలో, ఆవ పెట్టిన కూరో అయితే మేలు. చికెన్, గుడ్డు, పనీరు రోల్స్ ఇంట్లో వేడిగా తినేయడానికే, ఎండాకాలం బాక్సులో గంటల తరబడి పెట్టకండి.

చోడిపిండితో, అంటే రాగిపిండితో చేయొచ్చా అని మా అప్ప అడిగింది. ఉత్త చోడిపిండి సాగదు, అందులో జిగురుండదు కాబట్టి చుట్టగానే ముక్కలవుతుంది. మూడు వంతులు గోధుమపిండికి ఒక వంతు చోడిపిండి కలిపి, మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మర్దించండి. కొంచెం మందంగానే వత్తాలి. రంగు చూసి పిల్లలు మొహం తిప్పుకుంటే లోపల గుడ్డు పెట్టండి.

మొన్న మళ్లీ విజయనగరం వెళ్లాల్సి వచ్చినప్పుడు అరటికాయవి పది చుట్టాను. మావయ్యగారు ఒకటి తీసుకుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని మరీ కొరికారు. ఏమీ జారలేదు. రెండోది తీసుకున్నప్పుడు కూడా తువ్వాలు మాత్రం తియ్యలేదు.

కూర మిగిలితే పారేయకండి, మర్నాడు దోసెలో పెట్టి మడిచేయొచ్చు. జీడిపప్పు సాస్ మిగిలితే మాత్రం రెండు రోజుల్లోపే ఏదో ఒక కూరలో కలిపేయండి, ఫ్రిజ్‌లో మూడో రోజుకి పుల్లటి వాసన వస్తుంది.