వానాకాలంలో అలెప్పీ హౌస్‌బోటు: అడ్వాన్సు కట్టేముందు, ఎక్కేముందు, చీకటి పడ్డాక

జూన్ మొదట్లో కేరళను తాకే నైరుతి వానలు సెప్టెంబరు దాకా ఉంటాయి. ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలు, వాటితోపాటు మధ్యాహ్నం పూట ఉరుములు, పిడుగులు మొదలవుతాయి. ఓనం, పడవ పందేలు, దసరా సెలవులు తప్పిస్తే ఈ నెలల్లో అలెప్పీ (అలప్పుళ), కుమరకంలో హౌస్‌బోట్ల రేట్లు బాగా దిగుతాయి. రద్దీ ఉండదు, చుట్టూ ఉన్న వరిపొలాల ప్రాంతం కుట్టనాడు కూడా పచ్చగా ఉంటుంది. అందుకని ఈ కాలంలో అసలు వెళ్లొద్దనడం సరికాదు. కాకపోతే జనవరిలో ఎలాగోలా గడిచిపోయే అజాగ్రత్త జులైలో గడవదు. చాలామందికి సరస్సు మధ్యలో బోటు మునుగుతుందేమోనన్న భయం ఉంటుంది. మా లెక్కలో అంతకన్నా ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది ఒడ్డున కట్టేసిన బోటు మీద. తడి పలకలు, చీకటి, రెయిలింగ్ లేని అంచు, వంటగది గ్యాసు, ఆడుకునే పిల్లలు, కాస్త మందు... అన్నీ ఒకచోట చేరేది అప్పుడే.

ముందు కొండల మీద వాన చూడండి

కుట్టనాడులో చాలా పొలాలు సముద్రమట్టం కన్నా దిగువన ఉంటాయి. కొన్నిచోట్ల ఆ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. పంపా, అచ్చన్‌కోవిల్, మణిమల, మీనచ్చిల్ నదులు ఈ పల్లం మీదుగా వచ్చి వేంబనాడు సరస్సులో కలుస్తాయి. కాబట్టి అలెప్పీలో ఎండ కాస్తోంది కదా అని ధీమాగా ఉండకూడదు. పత్తనంతిట్ట, ఇడుక్కి కొండల మీద కురిసిన వాన ఒకటి రెండు రోజుల తర్వాత కుట్టనాడుకు చేరుతుంది. నీళ్లు బయటికి పోవాలంటే తోట్టప్పళ్లి స్పిల్‌వే లాంటి దారుల్లోంచి సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే అవి పోవు, వెనక్కి తన్నుతాయి. 2018 ఆగస్టు వరదల్లో కుట్టనాడు దాదాపు మొత్తం ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి అలెప్పీతోపాటు కొట్టాయం, పత్తనంతిట్ట, ఇడుక్కి జిల్లాలకు వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలు రోజూ చూడండి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వానకు పసుపు, 204.4 దాకా నారింజ, అది దాటితే ఎరుపు. పసుపు అయితే వెళ్లొచ్చు, పెద్ద సరస్సులోకి మాత్రం వద్దు. ఎగువ జిల్లాలకు నారింజ ఉంటే రాత్రి బస మానేసి పగటి ట్రిప్పుతో సరిపెట్టండి. అలెప్పీకే నారింజ ఉంటే తేదీ మార్చుకోండి. ఎరుపైతే ఆలోచించే పనే లేదు, చాలాసార్లు కలెక్టరే బోట్లు ఆపేస్తారు.

నీటిమట్టం పెరిగితే ఇంకో చిక్కు ఉంది. కాలువల మీది వంతెనలు తక్కువ ఎత్తులో ఉండటంతో హౌస్‌బోటు పైకప్పు కిందినుంచి దూరదు. అప్పుడు మాట్లాడుకున్న రూటు వదిలేసి బోటును ఒకే చోట అటూ ఇటూ తిప్పుతారు. వరిచేల గట్లు మునగడంతో ఎక్కడ గట్టు, ఎక్కడ కాలువ అన్నది కూడా కొత్తవాళ్లకు తెలియదు. అలాంటి రోజున ఫొటో కోసం గట్టు మీదకు దిగొద్దు.

అడ్వాన్సు పంపేముందు రాయించుకోవాల్సినవి

మాటలన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్లో "అంతా ఓకే సార్" అన్నది రేవు దగ్గర పనికిరాదు.

మొదటిది, రద్దు షరతు. కలెక్టరు బోట్లు ఆపితే, లేదా నారింజ, ఎరుపు హెచ్చరిక ఉంటే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా? "కదలకపోయినా బోటులో ఉండొచ్చు కదా" అని పూర్తి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు. ఆ మాట ముందే తేల్చుకోండి.

రెండోది, మీరు ఎక్కబోయే బోటు రిజిస్ట్రేషన్ నంబరు, దాని ఫొటో, ఎంతమందికి అనుమతి ఉందో ఆ లెక్క. మీకు చూపించిన ఫొటో ఒకటి, రేవులో నిలబెట్టే బోటు ఇంకొకటి కావడం ఇక్కడ మామూలే. నంబరు ముందే ఉంటే ఆ బేరం సాగదు. సర్వే సర్టిఫికెట్ (బోటును పరీక్షించి ఇచ్చేది), ఇన్సూరెన్స్ గడువు ఫొటో తీసి పంపమనండి. అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు రెండు నిమిషాల్లో పంపుతారు. నసిగితే ఇంకో బోటు చూసుకోండి. రైల్వే స్టేషన్లో ఆటో దగ్గరే పట్టుకునే ఏజెంట్ల కన్నా బోటు జెట్టీ దగ్గరున్న జిల్లా టూరిజం ప్రమోషన్ కౌన్సిల్ కౌంటరులో రేటు అడిగి చూడటం నయం.

మూడోది, టైము. రాత్రి బస ప్యాకేజీ అంటే సాధారణంగా మధ్యాహ్నం 12కి ఎక్కి, మర్నాడు ఉదయం 9కి దిగడం. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య బోటును కట్టేస్తారు. ఆ తర్వాత జాలర్లు వలలు వేస్తారు కాబట్టి నడపరు. భోజనానికి ఆపే గంట తీసేస్తే బోటు కదిలేది నాలుగైదు గంటలే. "మీకోసం రాత్రి ఎనిమిది దాకా తిప్పుతాం" అన్నారంటే అది అదనపు సౌకర్యం కాదు, నిబంధన మీరుతున్నారని అర్థం. 2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో 22 మంది చనిపోయిన ప్రమాదంలో ఉన్నవి ఇవే: చేపల పడవను మార్చి కట్టిన బోటు, మోయాల్సినదానికన్నా ఎక్కువ జనం, సాయంత్రం పొద్దుపోయాక ట్రిప్పు. ఏసీ కూడా చాలా బోట్లలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకానే వేస్తారు. పగలు కావాలంటే ముందే మాట్లాడుకోండి.

వానాకాలానికి రెండంతస్తుల బోటు వద్దు. ఎత్తు పెరిగే కొద్దీ గాలికి ఊగుతుంది. పైన జనమంతా ఒక పక్కకు చేరితే ఒరిగిపోతుంది. 2009లో తేక్కడిలో 45 మంది చనిపోయిన బోటు కూడా రెండంతస్తులదే, జనం ఒకవైపుకు చేరడంతో ఒరిగింది. 2019 సెప్టెంబరులో గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మనకు తెలిసిందే. ఎక్కేముందు నీళ్ల ఉధృతి గురించి అడగడానికి మొహమాటపడొద్దు.

సామాను దించకముందే పది నిమిషాలు

అలెప్పీలో హౌస్‌బోట్ల రేవు పున్నమడ దగ్గర బోట్లు పక్కపక్కన వరసగా కట్టి ఉంటాయి. మీ బోటు చేరడానికి రెండు మూడు బోట్లు దాటాల్సి రావచ్చు. మధ్యలో ఖాళీ ఒక అడుగే ఉంటుంది, కానీ అలకు బోట్లు కదిలినప్పుడు అక్కడ కాలు పడితే నలిగిపోతుంది. చేతులు ఖాళీగా ఉంచుకోండి, సూట్‌కేసులు సిబ్బందికి ఇవ్వండి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు మేలు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే బోటును నేరుగా రేవు గట్టుకు తెమ్మని అడగండి, తెస్తారు.

కెట్టువల్లం, అంటే కేరళ సంప్రదాయ హౌస్‌బోటు, అడుగు భాగం అంజిలి చెక్క పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసింది. కాస్తో కూస్తో నీరు ఊరడం సహజం, పంపుతో తోడేస్తారు. మీరు చూడాల్సింది ఆ ఊట ఎంత అన్నదే. బోటు చుట్టూ ఒకసారి చూడండి. కట్టేసి ఉండగానే పక్క పైపులోంచి నీళ్లు ఆగకుండా కారుతుంటే లోపలికి గట్టిగానే వస్తున్నాయన్నమాట. వెనకవైపు ఇంజను దగ్గర నేల పలక ఒకటి తీసి చూపించమనండి. అడుగున కాస్త తడి ఉంటే ఫరవాలేదు. ఇంజను దిమ్మ దాకా నీరు నిలబడి, పైన డీజిల్ తెట్టు తేలుతుంటే ఆ బోటు వద్దు. ఎవరూ ఎక్కకముందే ఒక పక్కకు వాలి ఉన్నా అంతే.

పైకప్పు వెదురు, చాపలు. వంటగదిలో గ్యాసు. కాబట్టి మంటలార్పే సిలిండరు వంటగది బయట ఉందా, దాని మీది ప్రెజర్ మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా చూడండి. గది తలుపు కాకుండా కిటికీలోంచి మనిషి బయటికి దూరగలడా అన్నది కూడా. కిటికీకి ఇనుప చువ్వలు బిగించి ఉంటే ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టొద్దు.

లైఫ్ జాకెట్ల సంగతి

"ఉన్నాయి సార్, మంచం కింద" అనే మాటతో తృప్తిపడొద్దు. బయటికి తీయించి లెక్కపెట్టండి, తలకొకటి ఉండాలి. ఏళ్ల తరబడి మంచం కింద నలిగి, కుషన్లుగా వాడుకున్న జాకెట్లలో నురుగు అణిగిపోయి ఉంటుంది. పిండితే గట్టిగా, పలచగా తగిలే జాకెట్ మనిషిని తేల్చదు. బకిల్స్ మూడూ పడుతున్నాయా, పట్టీ కుట్లు ఊడాయా చూడండి.

తొడిగాక బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వస్తే పెద్దదైందని లెక్క. పిల్లల విషయంలో జరిగే పొరపాటు ఇదే. పెద్దవాళ్ల జాకెట్ తొడిగిస్తే నీళ్లలో పడగానే జాకెట్ తేలుతుంది, పిల్లాడు కిందినుంచి జారిపోతాడు. కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీ ఉన్న పిల్లల సైజు కావాలి. పదేళ్లలోపు పిల్లలుంటే ఇంటినుంచే కొనుక్కెళ్లండి, సూట్‌కేసులో ఎంతో చోటు పట్టదు. కట్టేసి ఉన్నప్పుడు కూడా బయటి డెక్ మీద ఉంటే పిల్లలకు జాకెట్ ఉండాల్సిందే.

చీకటి పడ్డాక

ఇంజను ఆగగానే అందరి జాగ్రత్తా సడలుతుంది, సిబ్బందిది కూడా. ఆ వేళకే చేయాల్సినవి: ముందు డెక్ అంచున రెయిలింగ్ లేని చోట కుర్చీలు అడ్డంగా పెట్టండి, బయటి లైటు రాత్రంతా ఉంచమనండి, ప్రతి గదిలో ఒక టార్చి పెట్టుకోండి. మందు తాగినవాళ్లు అంచు మీద కాళ్లు వేలాడదీసి కూర్చోకూడదు. రాత్రి సిబ్బందిలో ఒకరైనా బోటులోనే పడుకుంటారా అని సాయంత్రమే స్రాంకును, అంటే బోటు నడిపే పెద్దను, అడగండి. కొందరు దగ్గర్లోని ఇంటికి వెళ్లి తెల్లారి వస్తారు.

ఏసీ జనరేటరు మీద నడుస్తుంటే దాని పొగ గొట్టం మీ గది కిటికీ వైపు ఉండకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం అనిపిస్తే ఏసీ కట్టేసి బయటికి రండి. బాత్రూం గీజరు ముట్టుకుంటే చిమచిమలాడితే మళ్లీ ముట్టొద్దు.

అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా పిడుగుల వేళ. ఉరుము వినపడగానే పై డెక్ దిగి లోపలికి రండి. షికారా, కయాక్ లాంటి చిన్న పడవలో ఉంటే అప్పుడే ఒడ్డు చేరాలి, "ఇంకో పది నిమిషాలు" అనొద్దు.

నీళ్లు, తిండి

సరస్సులోకి దూకొద్దు. మురుగు, డీజిల్ సంగతి పక్కన పెట్టినా, కేరళలో మంచినీటి చెరువులు, కాలువల్లో ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా జ్వరం కేసులు వస్తున్నాయి, ప్రాణాలు పోయాయి. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ కూడా ఎక్కువ. కాలికి కోత, పగుళ్లు ఉంటే గట్ల మీది బురదలో నడవకండి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు "కుట్టనాడు వెళ్లొచ్చాం" అని తప్పక చెప్పండి. హైదరాబాద్‌లో ఆ మాట చెప్పకపోతే డెంగీ పరీక్షలతోనే రోజులు గడుస్తాయి.

తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల సీలు నీళ్లు, పళ్లు తోముకోవడానికీ అవే. హోటళ్లలో ఇచ్చే గులాబీ రంగు నీళ్లు చూసి కంగారుపడొద్దు, పతిముఖం చెక్క వేసి మరిగించినవి. లావు ఎర్ర బియ్యపు అన్నం పడనివాళ్లు సన్నన్నం కావాలని ముందురోజే వంటవాడికి చెప్పించండి. ఆవకాయ సీసా మాత్రం ఎవరి పూచీ వాళ్లదే. దారిలో రొయ్యలు, కరిమీన్ అమ్మే చోట బోటు ఆపుతారు. కిలో ధర, తూకం, వండినందుకు ఎంత అన్నవి చేప సంచిలో పడకముందే అడగండి. కుట్టనాడులో బాతులకు బర్డ్ ఫ్లూ పలుమార్లు వచ్చింది. బాతు కూర, గుడ్లు బాగా ఉడికినవే తినండి.

తిరుగు ప్రయాణం, ఫోన్లు

శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయం మీదుగా పోతుంది, అలెప్పీ రాదు. రాజమండ్రి, విజయవాడ నుంచి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ నేరుగా అలెప్పీ చేరుతుంది. ఉదయం 9కి దిగితే 11 గంటల రైలు కొట్టాయంలో దొరుకుతుందని లెక్కలేయకండి. వానల్లో రోడ్ల మీద నీరు నిలుస్తుంది, బోటు రేవు చేరడం కూడా ఆలస్యమవుతుంది. కనీసం నాలుగు గంటలు వదిలిపెట్టుకోండి. కొచ్చి విమానానికైతే ఇంకా ఎక్కువ, ఎయిర్‌పోర్టు 80 కిలోమీటర్ల పైనే.

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తుల కంట్రోల్ రూముకు 1077. రాత్రి బోటును కట్టేయగానే స్రాంకును ఆ చోటి పేరు అడిగి, ఫోన్లో లొకేషన్‌తోపాటు ఇంట్లో ఒకరికి పంపండి. 112కి ఫోన్ చేసి "సరస్సులో ఉన్నాం" అంటే ఎవరూ వెతకలేరు. దగ్గర్లోని జెట్టీ పేరు చెబితే పడవ వస్తుంది. అలెప్పీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఊరి బయట వండానంలో ఉంది. గుండె జబ్బు, ఆస్తమా, నెలలు నిండిన గర్భిణులు ఉంటే కుట్టనాడు లోపల కాకుండా రోడ్డు చేరే జెట్టీ పక్కనే బోటు కట్టమని బుకింగ్ రోజే చెప్పండి.