చూసి నేర్చుకోవడం ఎలా? కంటికి తెలిసింది చేతికి రావాలంటే

ఎవరో మూడు బంతులను ఆగకుండా ఎగరేసి పడుతూ జగ్లింగ్ చేస్తుంటే చూడ్డానికి ఎంతో తేలిగ్గా ఉంటుంది. అవే బంతులు మన చేతికొస్తే రెండో విసురుకే నేల మీద దొర్లుతాయి. 2018లో అచ్చయిన ఒక పరిశోధన ఈ సంగతినే పట్టి చూపించింది. మూన్‌వాక్ (వెనక్కి జారుతున్నట్టు కనిపించే డాన్స్ నడక), జగ్లింగ్ లాంటి విద్యల వీడియోలను పదేపదే చూసినవాళ్లకు ‘నేనూ చేయగలను’ అన్న నమ్మకం పెరిగింది, పనితనం మాత్రం పెరగలేదు. అలాగని చూడడం దండగ కాదు. ఏం చూడాలో తెలియకుండా చూడడమే దండగ.

1. ముందు ఒకసారి చేయండి

వీడియో పెట్టకముందే బంతులు పట్టుకుని ఐదారుసార్లు విసరండి. రాకపోయినా పర్వాలేదు. ఎక్కడ తడబడుతున్నారో తెలిస్తే మీ కళ్లు అక్కడే వెతుకుతాయి. చేసిన ఒంటికీ చేయని ఒంటికీ చూపులోనే తేడా ఉంటుంది. 2005లో అచ్చయిన మరో పరిశోధనలో బ్యాలే నర్తకులకూ, కపోయెరా (నాట్యంలా సాగే బ్రెజిల్ యుద్ధకళ) సాధకులకూ రెండు రకాల కదలికలూ చూపించి మెదడును స్కాన్ చేశారు. ఎవరికి అలవాటైన కదలికలు కనిపించినప్పుడు వాళ్ల మెదడులో కదలికలకు సంబంధించిన భాగాలు ఎక్కువగా స్పందించాయి.

2. ఇద్దరిని చూడండి

చేయి తిరిగినవాళ్లను చూస్తే పని పూర్తి రూపం తెలుస్తుంది. కానీ వాళ్లు తప్పు చేయరు కాబట్టి, తప్పు ఎలా పుడుతుందో, ఎలా సర్దుకోవాలో వాళ్ల దగ్గర కనిపించదు. అందుకే మీలాగే నేర్చుకుంటున్న ఇంకొకరినీ చూడండి. అయితే వాళ్లకు గురువు చెప్పే దిద్దుబాటు కూడా మీ చెవిన పడాలి. లేకపోతే తప్పునే నేర్చుకునే ప్రమాదం ఉంది.

3. వెనక నిలబడండి

ఎదురుగా నిలబడి చూస్తే వాళ్ల కుడిచేయి మీకు ఎడమవైపు ఉంటుంది. దాన్ని మనసులో తిప్పుకోవడానికే సగం శ్రద్ధ పోతుంది. వెనక నుంచి, భుజం మీదుగా చూడండి. ఎదుటి నుంచి తీసిన వీడియో మాత్రమే ఉంటే ఎడిటింగ్ యాప్‌లో అద్దంలో కనిపించినట్టు తిప్పుకోండి.

4. ఒక్కో చూపుకు ఒక్కో ప్రశ్న

అసలు కిటుకు ఇక్కడుంది. 1973లో అచ్చయిన ఒక పరిశోధనలో గున్నార్ జోహాన్సన్ అనే శాస్త్రవేత్త మనిషి కీళ్ల దగ్గర చిన్న దీపాలు అమర్చి చీకట్లో నడిపించాడు. పది, పన్నెండు వెలుగు చుక్కలు కదలగానే చూసేవాళ్లు అది మనిషి నడక అని గుర్తుపట్టారు. అంటే కదలికను పోల్చుకోవడానికి కీళ్లు కదిలే తీరు ఒక్కటే చాలు. కాబట్టి మొదటిసారి మామూలు వేగంలో పూర్తిగా చూసి, లయ పట్టుకోండి. తర్వాత ఒక్కసారికి ఒక్క చోటే చూపు నిలపండి.

జగ్లింగ్‌లో మొదటి ప్రశ్న: రెండో బంతి ఎప్పుడు బయల్దేరుతోంది? జాగ్రత్తగా చూస్తే మొదటి బంతి కళ్ల ఎత్తుకు చేరి, క్షణం ఆగినట్టై, దిగబోతున్నప్పుడు. రెండో ప్రశ్న: చేయి బంతిని ఎక్కడ పట్టుకుంటోంది, ఎక్కడ వదులుతోంది? బయటివైపు పట్టి, చిన్న గిన్నె ఆకారంలో లోపలికి తెచ్చి, బొడ్డుకు దగ్గరగా వదులుతోంది. అందుకే దిగే బంతికి లోపలి పక్కనుంచి ఎక్కే బంతి వెళ్తుంది, రెండూ గుద్దుకోవు. మూడో ప్రశ్న: మోచేతులు ఎక్కడున్నాయి? నడుము పక్కనే, కదలకుండా. చూపు ఎక్కడుందో కూడా గమనించండి. చేతుల మీద ఉండదు, బంతి శిఖరం దగ్గర ఉంటుంది.

స్లో మోషన్ వరసను చూపిస్తుంది కానీ బలాన్నీ సమయాన్నీ చెడగొడుతుంది. సగం వేగంలో రెండుసార్లు చూశాక తప్పకుండా మామూలు వేగానికి రండి.

5. వెంటనే చేయండి

10, 15 సెకన్ల ముక్కను రెండుసార్లు చూడండి, ఐదుసార్లు చేయండి, మళ్లీ చూడండి. చూసేటప్పుడే కదలికకు మాట కట్టండి: ‘విసురు, విసురు, పట్టు, పట్టు’. ఈ నాలుగు మాటలు రెండు బంతులకు సరిపోతాయి. రెండు బంతులు కుదిరాకే మూడోది అందుకోండి. మంచం పక్కన నిలబడితే వంగి ఏరుకునే బాధ తగ్గుతుంది. దొర్లిపోయే బంతుల కంటే గింజలు నింపిన గుడ్డ బంతులు మేలు.

6. మీ వీడియోను చేయి తిరిగినవాళ్ల వీడియోతో పోల్చి చూడండి

ఫోన్‌ను నడుము ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో పెట్టి తీసుకోండి. వాళ్ల వీడియోనూ మీదాన్నీ ఒకే క్షణం దగ్గర ఆపండి. ఉదాహరణకు మొదటి బంతి శిఖరంలో ఉన్నప్పుడు మీ రెండో చేయి ఎక్కడుంది? ఈ ఒక్క పోలిక గంటసేపు చూడడం కంటే ఎక్కువ చెబుతుంది.

సాధారణంగా రెండు తప్పులు బయటపడతాయి. ఒకటి, రెండో బంతిని పైకి విసరకుండా పక్క చేతిలోకి అందించేయడం. కంగారులో చేయి దగ్గరి దారి వెతుక్కోవడమే దీనికి కారణం. రెండో విసురు మాత్రమే విడిగా, ఎత్తు చూసుకుంటూ చేయండి. ఇంకొకటి, బంతులు ముందుకు పోవడం, వాటి వెంట మీరూ నడవడం. చేయి బంతిని నిటారుగా పైకి కాకుండా ముందుకు తోస్తే ఇలా జరుగుతుంది. గోడకు మూరెడు దూరంలో ఎదురుగా నిలబడి విసరండి. బంతి ముందుకు పోతే గోడకే తగులుతుంది కాబట్టి చేయి తనంతట తానే సర్దుకుంటుంది.

ఒక్కరోజే రెండు గంటలు కూర్చోకుండా రోజుకు 15 నిమిషాలు చేయండి. మర్నాడు వీడియో పెట్టే ముందు, దాన్ని చూడకుండానే ఒకసారి బంతులు విసరండి. అప్పుడు ఎక్కడ చెడిందో ఆ రోజు అదే మీ మొదటి ప్రశ్న.